మా నవ్వును ఒప్పుకోలుగా తీసుకోవద్దు: పిట్స్‌బర్గ్ పైరేట్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు యాజమాన్యానికి,
మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ కార్యాలయానికి,

నమస్కారం.

2025 సీజన్ కూడా ముగిసింది. 71 గెలుపులు, 91 ఓటములు. గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ కావడం వరసగా ఇది ఏడో ఏడాది. టైటిల్ కోసం అగ్రజట్లు ఆడే పోస్ట్ సీజన్‌కు చివరిసారి చేరింది 2015లో. ఈ మధ్యకాలంలో అభిమానులు సంతకాలు సేకరించారు, బోర్డులు పెట్టించారు, స్టేడియం మీదుగా విమానానికి బ్యానరు కట్టి ఎగరేశారు. 2007 జూన్‌లోనైతే మ్యాచ్ మధ్యలో సీట్లలోంచి లేచి బయటికి నడిచారు. ఇన్ని చేసినా సూటిగా ఒక్క జవాబు రాలేదు కాబట్టే ఈ లేఖ.

దీని ఇంగ్లీషు ప్రతి మీ రెండు కార్యాలయాలకూ పంపుతున్నాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. ఇక్కడి శివారు పెన్ హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వరుడి గుడి 1970ల్లో వెలిసినప్పటి నుంచి పిట్స్‌బర్గ్ పేరు అమెరికాలోని తెలుగువారందరికీ తెలుసు. ఇక్కడే స్థిరపడిన కుటుంబాల్లో పిల్లలు క్రికెట్ కన్నా ముందు బేస్‌బాల్ నేర్చుకున్నారు. వేసవిలో ఊరి నుంచి వచ్చిన తాతయ్యలను, అమ్మమ్మలను గుడికి ఒకరోజు, మ్యాచ్‌కు ఒకరోజు తీసుకువెళ్లడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. పైగా భారతీయులతో అమెరికా బేస్‌బాల్ జట్టు ఒప్పందం చేసుకోవడం మొదటిసారి జరిగింది కూడా ఈ ఊరి జట్టుతోనే. 2008లో ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లకు పైరేట్స్ అవకాశం ఇచ్చింది. ఆ పని చేసినవారికి ఇప్పటికీ కృతజ్ఞతలు చెబుతాను.

బేస్‌బాల్ తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. బ్యాటర్ మూడు బేస్‌లను వరసగా చుట్టి హోమ్ ప్లేట్‌కు తిరిగి వస్తే ఒక పరుగు. ఒక్కో జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా దాదాపు రోజూ మ్యాచ్ ఉంటుంది. అంటే ఓడిపోయే జట్టును అభిమానించేవారికి ఆ బాధ వారానికో నెలకో ఒకసారి వచ్చిపోయేది కాదు, రోజూ రాత్రి భోజనం వేళకు ఇంటికి వచ్చి కూర్చుంటుంది. యూరప్ ఫుట్‌బాల్‌లో మాదిరిగా అట్టడుగున ఉన్న జట్టును కింది లీగ్‌కు పంపించే పద్ధతి ఇక్కడ లేదు. ఎంత ఓడినా స్థానం పదిలం. పైగా ఓడిన జట్లకు కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే అవకాశం దక్కుతుంది.

అయినా మా ఫిర్యాదు ఓటమి గురించి కాదు. ఇద్దరు ఆడితే ఒకరు ఓడక తప్పదు. గెలవడానికి కావలసిన ప్రయత్నం జరగడం లేదన్నది మా ఫిర్యాదు. ఏళ్ల తరబడి ఓడుతున్నా మేము నవ్వుతూ వస్తున్నాం కదా అని, ఈ పరిస్థితి మాకు సమ్మతమే అనుకుంటున్నారన్నది మా అనుమానం.

నిజమే, ఈ ఊరివాళ్లకు నవ్వడం బాగా వచ్చు. 2021 మే 27న మన మైదానంలోనే చికాగో కబ్స్‌తో జరిగిన మ్యాచ్ గుర్తుచేస్తాను. మూడో ఇన్నింగ్స్, అప్పటికే ఇద్దరు అవుట్. కబ్స్ బ్యాటర్ హవియర్ బాయెజ్ కొట్టిన బంతి నేల మీదుగా మూడో బేస్ దగ్గరి మన ఫీల్డర్‌కు వెళ్లింది. అతను మొదటి బేస్‌కు విసిరాడు. అక్కడ బంతి అందుకున్న మన ఆటగాడు వెనక్కి వెళ్లి బేస్ తొక్కితే చాలు, ఇన్నింగ్స్ అయిపోతుంది. బాయెజ్ టక్కున ఆగి, వచ్చిన దారినే వెనక్కి పరుగెత్తాడు. మన ఆటగాడు బేస్ సంగతి మరచి అతని వెంట పడ్డాడు. ఈలోగా రెండో బేస్ మీద ఉన్న మరో కబ్స్ ఆటగాడు చుట్టు తిరిగి హోమ్ ప్లేట్ దాకా వచ్చేశాడు. బంతి క్యాచర్‌కు (వికెట్ కీపర్‌లాంటివాడు) అందేసరికి ఆలస్యమైంది. పరుగు వచ్చేసింది. పక్కనే నిలబడి ఉన్న బాయెజ్, తన తోటి ఆటగాడు అవుట్ కాలేదని తానే చేతులు చాచి చూపించి, మళ్లీ మొదటి బేస్ వైపు లగెత్తాడు. క్యాచర్ విసిరిన బంతి గురి తప్పింది. బాయెజ్ రెండో బేస్‌కు చేరాడు.

ఆ వీడియో చూసి దేశమంతా నవ్వింది. మేమూ పగలబడి నవ్వాం. ఆ ఆటగాడిని నిందించడం నా ఉద్దేశం కాదు. క్షణకాలం తికమక పడటం ఎవరికైనా జరుగుతుంది. అయితే అలాంటి క్షణాలే సీజన్‌లో మాకు మిగిలిన వినోదం కావడం ఆ ఆటగాడి తప్పు కాదు. ఆ ఏడాది మన జట్టు 101 మ్యాచ్‌లు ఓడింది. మరుసటి ఏడాది 100 ఓడింది. ఆ 2022లోనే మే 15న సిన్సినాటి పిచ్చర్ల (బంతి వేసేవారి) మీద ఒక్క హిట్ కూడా, అంటే బ్యాటర్‌ను బేస్‌కు చేర్చే మంచి దెబ్బ ఒక్కటి కూడా, కొట్టకుండా 1-0 తేడాతో గెలిచాం. మ్యాచ్ ముగిసేసరికి మన స్కోరుబోర్డులో హిట్‌ల కింద సున్నా, పరుగుల కింద ఒకటి. గురి తప్పిన బంతులకు ఊరికే దక్కే వాక్‌లతో బేసులు నిండాయి, ఒక మామూలు గ్రౌండ్ బంతికి పరుగు వచ్చింది. ఆ కథ ఇప్పటికీ పెళ్లిళ్లలో కూడా చెప్పుకుంటాం.

ఇక్కడ జరిగే ప్రతి మ్యాచ్‌లోనూ ఐదో ఇన్నింగ్స్ తర్వాత పియరోగీ వేషాలు వేసుకున్నవాళ్లు మైదానం అంచున పరుగుపందెం పెట్టుకుంటారు. పియరోగీ అంటే ఆలుగడ్డ ముద్ద కూరి ఉడికించే, చూడటానికి మన కజ్జికాయలా ఉండే తూర్పు యూరప్ వంటకం. ఈ పందెంలోనైనా మన ఊరివాళ్లే గెలుస్తారని పక్క సీటు పెద్దాయన ఒకరు అంటుంటే చుట్టుపక్కల వరసలన్నీ నవ్వాయి. ఆయన మెడలో 1979 నాటి టోపీ బొమ్మ ఉన్న పతకం వేలాడుతోంది. నవ్వుతూనే ఆయన స్కోరు కార్డు మీద ప్రతి బంతినీ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటున్నారు. ఆ పెన్సిల్‌ను మీరు చూడాలి. ఏమీ పట్టనివాడు అలా రాసుకోడు.

ఇక వాస్తవాలు ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. పిల్లలు. 1992 అక్టోబర్ 14న అట్లాంటాలో తొమ్మిదో ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి పైరేట్స్ 2-0 ఆధిక్యంలో ఉంది. గెలిస్తే వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్ పోటీ. ఇంకొక్క అవుట్ తీస్తే చాలన్నప్పుడు ఫ్రాన్సిస్కో కబ్రెరా కొట్టిన దెబ్బకు, ఒకప్పుడు మన జట్టులోనే ఆడిన సిడ్ బ్రీమ్ నేల మీద జారుతూ వచ్చి ప్లేట్‌ను తాకాడు. నోటి దగ్గరి ముద్ద జారిపోయింది. ఆ తర్వాత 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు ఓటములే ఎక్కువ. ఉత్తర అమెరికాలోని ప్రధాన వృత్తి క్రీడల్లో మరే జట్టుకూ ఇంత పొడవైన పరాజయ పరంపర లేదు. 1993లో ఇక్కడ పుట్టిన పిల్లవాడు బడి ముగించి, కాలేజీలో చేరి, ఇరవయ్యేళ్లు నిండాక గానీ తన జట్టుకు ఒక మంచి సీజన్ చూడలేదు. అదే ఇరవయ్యేళ్లలో ఇదే ఊళ్లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ రెండుసార్లు సూపర్ బౌల్, ఐస్ హాకీ జట్టు పెంగ్విన్స్ ఒకసారి స్టాన్లీ కప్ గెలిచాయి. ఊరు అదే, జనం అదే. తేడా ఎక్కడుందో వేరే చెప్పాలా?

ఇప్పుడు అదే కథ రెండో తరానికి మొదలైంది. బడిలో బేస్‌బాల్ ఆడే పిల్లలు తమ ఊరి జట్టు టోపీ ఇంట్లో పెట్టి, వేరే ఊరి జట్టు టోపీ పెట్టుకుని వెళ్తున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. ఏడేళ్ల పిల్లవాడికి ఆశ ఎలా నేర్పాలో మాకు తెలుసు. ఆ ఆశకు ఆధారం చూపించమంటే మాత్రం మా దగ్గర లేదు.

2. ప్రజల సొమ్ము. మన జట్టు స్టేడియం పీఎన్‌సీ పార్క్ కట్టడానికి అమ్మకం పన్ను పెంచుదామన్న ప్రతిపాదనను 1997లో 11 కౌంటీల ఓటర్లు తిరస్కరించారు. ఆ మరుసటి ఏడాదే మరో దారిలో ప్రజాధనాన్ని కేటాయించారు, 1999లో పని మొదలుపెట్టారు. స్టేడియానికి అయిన ఖర్చులో ఎక్కువ భాగం ప్రజలదే. పిట్స్‌బర్గ్ ఉన్న అలెఘెనీ కౌంటీలో కుర్చీ కొన్నా, టీవీ కొన్నా కట్టే అదనపు ఒక శాతం పన్నులో కొంత ఈ స్టేడియాల అప్పుకు వెళ్లింది. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియనివారు కూడా కట్టారు. కొత్త స్టేడియం వస్తే ఆదాయం పెరుగుతుంది, ఆ ఆదాయంతో పోటీపడే జట్టు తయారవుతుందని అప్పట్లో చెప్పారు. 2001లో స్టేడియం తెరిచిన మొదటి సీజన్‌లోనే జట్టు 100 మ్యాచ్‌లు ఓడింది. స్టేడియం మాత్రం చాలా అందమైనది, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. సాయంత్రం నది అవతల మేడలు వెలుగుతుంటే, క్లెమెంటే వంతెన మీదుగా జనం నడిచి వస్తుంటే, ఇంతకన్నా మంచి మైదానం దేశంలో ఉందా అనిపిస్తుంది. ప్రజలు తమ వంతు ఇచ్చేశారు.

3. చిన్న ఊరన్న వాదన. పిట్స్‌బర్గ్ చిన్న మార్కెట్ అనీ, న్యూయార్క్, లాస్ ఏంజిల్స్ జట్లతో ఖర్చులో పోటీపడలేమనీ చెబుతూ వచ్చారు. జీతాలకు గరిష్ఠ పరిమితి లేని ఆటలో ఈ ఇబ్బంది నిజమైనదే, కాదనను. మన జట్టు చరిత్రలో పది కోట్ల డాలర్లు దాటిన తొలి ఒప్పందం 2023లో బ్రయాన్ రెనాల్డ్స్‌తో కుదిరింది. అదే ఏడాది చివర్లో లాస్ ఏంజిల్స్ ఒక్క షోహెయ్ ఓటానీకే 70 కోట్ల డాలర్లు రాసింది. కానీ మిల్వాకీ మనకన్నా చిన్న మార్కెట్. మన డివిజన్‌లోనే, అంటే మన ఐదు జట్ల గుంపులోనే ఆడుతుంది. 2025లో 97 మ్యాచ్‌లు గెలిచి మొత్తం లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. 2023, 2024, 2025 మూడేళ్లూ డివిజన్ ఆ జట్టుదే. కాన్సస్ సిటీ 2015లో ఏకంగా వరల్డ్ సిరీస్ గెలిచింది. చిన్న ఊరు కావడం వల్ల గెలవడం కష్టమవుతుందంటే ఒప్పుకుంటాం. అసాధ్యమంటే ఒప్పుకోం.

డబ్బు లేదన్న మాటకూ ఒక జవాబు ఉంది. ప్రస్తుత పద్ధతిలో జట్లన్నీ తమ స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధికి జమచేసి సమానంగా పంచుకుంటాయి. దీనివల్ల చిన్న ఊళ్ల జట్లకు మేలు జరుగుతుంది. ఆ మేలు మైదానంలో కనబడాలి. 2010లో బయటికి వచ్చిన పద్దుల ప్రకారం 2007, 2008 సంవత్సరాల్లో కలిపి జట్టుకు సుమారు 2.9 కోట్ల డాలర్ల లాభం వచ్చింది. ఆ రెండు సీజన్లలోనూ జట్టు తొంభైకి పైగా మ్యాచ్‌లు ఓడింది. ఉమ్మడి నిధి సొమ్మును సరిగా ఖర్చు పెట్టడం లేదని 2018లో ఆటగాళ్ల సంఘం ఫిర్యాదు చేసిన నాలుగు జట్లలో మనదీ ఒకటి. మేము దొంగలెక్కలని అనడం లేదు. లెక్కలు చూపించమంటున్నాం.

4. వచ్చి వెళ్లిపోయే ఆటగాళ్లు. పాల్ స్కీన్స్‌ను 2023లో అందరికన్నా ముందుగా ఎంచుకున్నారు, చాలా మంచి పని చేశారు. 2024లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2025లో ఓటర్లందరి ఏకాభిప్రాయంతో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు. 1990లో డగ్ డ్రేబెక్ తర్వాత పైరేట్స్‌కు ఈ అవార్డు రావడం ఇదే మొదటిసారి. 2025లో అతని సగటు 1.97, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ప్రత్యర్థులు అతని మీద సంపాదించింది రెండు పరుగుల లోపే. మరి అతని ఖాతాలో గెలుపోటములు ఎన్ని? 10 గెలుపులు, 10 ఓటములు. దేశంలోకెల్లా గొప్ప పిచ్చర్ బంతి వేస్తుంటే అతని వెనుక ఉన్న జట్టు ఆ సీజన్‌లో అందరికన్నా తక్కువ హోమ్ రన్‌లు (క్రికెట్ సిక్సర్‌లాంటి దెబ్బలు) కొట్టింది. అతను ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మైదానం దిగి వచ్చి, టోపీ సర్దుకుని, డగౌట్ కమ్మీ పట్టుకుని మన బ్యాటర్ల వైపు చూస్తూ నిలబడితే మాకు కడుపు తరుక్కుపోతుంది.

దీని తర్వాత ఏం జరుగుతుందో కూడా మాకు తెలుసు. గెరిట్ కోల్‌ను 2011లో ఇలాగే మొదటి స్థానంలో ఎంచుకున్నారు. 2018 జనవరిలో కొద్ది రోజుల తేడాతో అతన్నీ, 2013లో లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన ఆండ్రూ మెకచెన్‌నూ పంపించేశారు. కోల్ ఆ తర్వాత న్యూయార్క్‌లో సై యంగ్ గెలిచాడు. పిల్లవాడు ముచ్చటపడ్డాడని ఒక ఆటగాడి పేరున్న చొక్కా కొనడానికి కూడా తల్లిదండ్రులు ఆలోచించుకోవలసి వస్తోంది. చొక్కా పొట్టి కాకముందే ఆటగాడు ఊరు దాటుతున్నాడు.

5. జ్ఞాపకాలు. స్టేడియం తెరిచిన కాలంలో అభిమానులు డబ్బు కట్టి తమవారి పేర్లు చెక్కించిన ఇటుకలను బయటి బాటలో పరిచారు. చనిపోయిన తండ్రుల పేర్లు, కొత్తగా పెళ్లయిన జంటల పేర్లు వాటి మీద ఉన్నాయి. తొలగించిన ఆ ఇటుకలు ఒక రీసైక్లింగ్ కేంద్రంలో కుప్పపోసి ఉన్న ఫొటోలు 2025లో బయటపడ్డాయి. అదే ఏడాది కుడివైపు గోడ మీద ఉన్న, మన జట్టు దిగ్గజం రాబర్టో క్లెమెంటే చొక్కా సంఖ్య 21 గుర్తును తీసి మద్యం ప్రకటన పెట్టారు. కుటుంబం, అభిమానులు అభ్యంతరం చెప్పాక తిరిగి పెట్టారు. క్లెమెంటే ఎవరో మీకు చెప్పనక్కర లేదు. 1972 డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకువెళుతూ విమానం కూలి మరణించిన మనిషి. సరిగ్గా 3,000 హిట్‌లు కొట్టి వెళ్లిపోయాడు. ఓడిపోయే జట్టుకు మిగిలేది జ్ఞాపకాలే. వాటిని కూడా అజాగ్రత్తగా చూస్తే ఎలా?

6. కూలి మీద బతికేవారు. 81 మ్యాచ్‌లు ఇక్కడ జరుగుతాయి. గ్యాలరీల్లో తిరుగుతూ వేరుశనగ, నిమ్మరసం అమ్మేవారికి, పార్కింగ్ దగ్గర నిలబడేవారికి, చుట్టుపక్కల హోటళ్లలో వడ్డించేవారికి జనం వస్తేనే నాలుగు డబ్బులు. ఆగస్టు వచ్చేసరికి జట్టు పోటీలో లేకపోతే, బాణసంచా కాల్చే రోజులు, బొమ్మలు పంచే రోజులు తప్ప మిగతా రోజుల్లో గ్యాలరీలు ఎలా ఉంటాయో మీకూ తెలుసు.

ఈ ఊరు ఆదరించదన్న మాట మాత్రం ఎవరూ అనకూడదు. 2013 అక్టోబర్ 1న సిన్సినాటితో పోస్ట్ సీజన్ మ్యాచ్‌కు స్టేడియం మొత్తం నల్లబట్టలతో నిండింది. నలభై వేల గొంతులు ప్రత్యర్థి పిచ్చర్ క్వేటో పేరును సాగదీసి పిలుస్తుంటే అతని చేతిలోంచి బంతి జారి కిందపడింది. ఆ తర్వాతి బంతినే రస్సెల్ మార్టిన్ హోమ్ రన్ కొట్టాడు. రెండు దశాబ్దాల ఆకలి ఆ గొంతుల్లో ఉంది. 1960 వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్‌లో మన ఆటగాడు మాజరోస్కీ హోమ్ రన్‌తో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించిన అక్టోబర్ 13వ తేదీన ఇప్పటికీ ఏటా అభిమానులు ఒకప్పటి మన స్టేడియం ఫోర్బ్స్ ఫీల్డ్ పాత గోడ దగ్గర చేరి, ఆనాటి రేడియో వ్యాఖ్యానాన్ని మొదటి నుంచి చివరి దాకా వింటారు. ఫలితం తెలిసిన మ్యాచ్‌ను అరవయ్యేళ్ల తర్వాత కూడా నిలబడి వినే జనం ఎక్కడ దొరుకుతారు?

అందుకే ఈ కింది డిమాండ్లు.

1. పాల్ స్కీన్స్‌ను దీర్ఘకాలం నిలుపుకోవడానికి గట్టి ప్రతిపాదన చేయండి. చేసినదీ, అతను కాదన్నదీ ఏదైనా సరే ప్రజలకు చెప్పండి. అమ్మేశాక పత్రికా ప్రకటనలో చదివి తెలుసుకునే గతి మాకు పట్టించవద్దు.

2. ఉమ్మడి నిధి నుంచి ఏటా జట్టుకు వచ్చే మొత్తం ఎంత, అందులో ఆటగాళ్ల జీతాలకు ఎంత వెళ్లింది అన్నది ఏడాదికోసారి ప్రకటించండి. ప్రజల డబ్బుతో కట్టిన స్టేడియంలో ఆడే జట్టుకు ఈ మాత్రం బాధ్యత ఉంది.

3. కమిషనర్ గారికి: ఆటగాళ్ల సంఘంతో ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. కొత్త ఒప్పందంలో ప్రతి జట్టూ జీతాలకు ఇంతకు తగ్గకుండా ఖర్చు పెట్టాలన్న కనీస పరిమితిని చేర్చండి. పెద్ద జట్లకు పైపరిమితి పెట్టడం గురించి మాట్లాడేవారు కింది పరిమితి గురించి కూడా అంతే గట్టిగా మాట్లాడాలి. ఆ బేరసారాల పేరుతో 2021 డిసెంబర్‌లో చేసినట్టు మళ్లీ ఆట తలుపులు మూయవద్దు. అప్పుడు 99 రోజులు మూసివేశారు. ఆ నష్టం మొదట తగిలేది గ్యాలరీల్లో తిరిగి అమ్ముకునేవారికే.

4. చెక్కిన పేర్లన్నీ మళ్లీ స్టేడియం దగ్గర శాశ్వతంగా పెట్టండి. పని ఎప్పటికి పూర్తవుతుందో తేదీ చెప్పండి.

5. ఏడాదికి ఒకసారి, సీజన్ ముగిశాక, అభిమానుల బహిరంగ సభ పెట్టి యజమాని స్వయంగా ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ముందుగా వడపోసిన ప్రశ్నలకు కాదు, వచ్చినవాళ్లు అడిగినవాటికి.

6. ఇవేవీ వీలుకావనుకుంటే, గెలవాలన్న పట్టుదల, అందుకు ఖర్చుపెట్టే శక్తి ఉన్నవారికి జట్టును అప్పగించండి. ఈ మాట కోపంతో అనడం లేదు. 1887 నుంచి నేషనల్ లీగ్‌లో ఆడుతున్న, ఐదుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు ఇది. 1971 సెప్టెంబర్ 1న లీగ్ చరిత్రలోనే తొలిసారి తొమ్మిది మందీ నల్లజాతి, లాటినో ఆటగాళ్లే ఉన్న జట్టును మైదానంలోకి దింపింది ఈ పిట్స్‌బర్గే. యజమానులు మారుతుంటారు. జట్టు ఊరిది.

2026 సీజన్ మొదటి మ్యాచ్‌కు ముందే ఈ ఆరు అంశాల మీద లిఖితపూర్వకమైన జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. జవాబు వస్తే, అది మాకు నచ్చినా నచ్చకపోయినా, తెలుగులోకి మార్చి ఇక్కడి కుటుంబాలన్నిటికీ పంచుతాను.

ఇట్లు,
పిట్స్‌బర్గ్‌లో స్థిరపడిన ఒక తెలుగు అభిమాని